బోర్లా పడితే బొబ్బట్లు... పడకపోతే?

మన తెలుగు ఇళ్ళల్లో పసిబిడ్డ ఎదుగుదలకు ఒక లెక్క ఉంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు. పాకుతూ గడప దాటితే గారెలు వండుతారు. తప్పటడుగులు మొదలుపెడితే అరిసెల మీద నడిపించి, ఇరుగుపొరుగులకు అరిసెలు పంచిపెడతారు. మాటలు వస్తే పంచదార చిలకలు. ఊరును బట్టి, ఇంటి ఆనవాయితీని బట్టి పిండివంట మారవచ్చు గాని, బిడ్డ కొత్తగా నేర్చిన పనిని నలుగురితో పంచుకోవడం మాత్రం అన్నిచోట్లా ఉన్నదే.

ఇందులో ముచ్చటతోపాటు మంచి వైద్యం కూడా ఉంది. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగే ప్రశ్నలు ఇవే కదా! మెడ ఎప్పుడు నిలిపింది? బోర్లా ఎప్పుడు పడింది? ఎప్పుడు కూర్చుంది? నడక ఎప్పుడు వచ్చింది? వేడుకలు చేసిన ఇంట్లో అమ్మమ్మ తడుముకోకుండా జవాబు చెబుతుంది. మరి వేడుక చేయవలసిన నెల వచ్చి వెళ్ళిపోయినా బిడ్డ బోర్లా పడకపోతే? ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. ఆలస్యమైన ప్రతి బిడ్డకూ జబ్బు ఉన్నట్టు కాదు. ఒక నెల అటూ ఇటూ కావడం సహజమే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు మరికాస్త వెనకబడతారు. కాని "మా వంశంలో అందరూ ఆలస్యంగానే నడిచారు లెండి" అని ఊరుకోవడం వల్ల కొందరు పిల్లలకు తీరని నష్టం జరుగుతోంది. అలాంటి నష్టం కలిగించే ఒక అరుదైన జబ్బు పేరు స్పైనల్ మస్క్యులర్ ఎట్రొఫీ. క్లుప్తంగా ఎస్.ఎం.ఏ. అంటారు. సుమారు పదివేల కాన్పులకు ఒక బిడ్డలో కనిపిస్తుంది.

జబ్బు ఎలా వస్తుంది?

చెయ్యి ఎత్తాలన్నా, మెడ నిలపాలన్నా మెదడు నుంచి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞను కండరాలకు అందించేవి వెన్నుపాములో ఉండే మోటార్ న్యూరాన్లు అనే నరకణాలు. ఈ కణాలు బతకడానికి ఒక ప్రోటీను కావాలి. దాన్ని తయారుచేయించే జన్యువు పేరు ఎస్.ఎం.ఎన్.1. ఇది ఐదవ క్రోమోజోము మీద ఉంటుంది. ఈ జన్యువు లోపిస్తే నరకణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. ఆజ్ఞలు అందని కండరాలు చిక్కిపోతాయి. జబ్బు లక్షణాలను 1890లలోనే ఆస్ట్రియాలో వెర్డ్‌నిగ్, జర్మనీలో హాఫ్‌మన్ అనే వైద్యులు వర్ణించారు. కారణమైన జన్యువును మాత్రం 1995లో ఫ్రాన్సులో జుడిత్ మెల్కీ బృందం కనిపెట్టింది.

కారుకు స్టెప్నీ టైరు ఉన్నట్టు మన శరీరంలో ఈ జన్యువుకు కూడా ఒక స్టెప్నీ ఉంది. దాని పేరు ఎస్.ఎం.ఎన్.2. అయితే దానివల్ల పనికివచ్చే ప్రోటీను కొద్దిగానే తయారవుతుంది. ఈ స్టెప్నీలు కొందరిలో రెండు ఉంటాయి, కొందరిలో మూడో నాలుగో ఉంటాయి. సాధారణంగా ఎన్ని ఎక్కువ ఉంటే జబ్బు తీవ్రత అంత తక్కువ.

డాక్టర్లు ఈ జబ్బును విభజించిన తీరు చూస్తే మన పిండివంటల లెక్కే గుర్తుకు వస్తుంది. మొదటి రకం ఆరు నెలల లోపే బయటపడుతుంది. ఈ పిల్లలు తమంతట తాము కూర్చోలేరు. చికిత్స అందకపోతే చాలామంది రెండేళ్ళు నిండకుండానే ఊపిరి అందక చనిపోతారు. రెండో రకం ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య తెలుస్తుంది. వీళ్ళు కూర్చుంటారు గాని సొంతంగా నడవలేరు. మూడో రకం ఏడాదిన్నర దాటిన తర్వాత కనిపిస్తుంది. వీళ్ళు నడుస్తారు. కాని మెట్లు ఎక్కడం, నేల మీద నుంచి లేవడం క్రమంగా కష్టమవుతుంది. నాలుగో రకం పెద్దవయసులో వస్తుంది, అది మరీ అరుదు.

ఈ పిల్లల తెలివితేటలకు ఏ లోటూ ఉండదు. కళ్ళు చురుగ్గా ఉంటాయి. పలకరిస్తే నవ్వుతారు. ఆ నవ్వు చూసే ఇంట్లోవాళ్ళు మోసపోతారు. "ఇంత హుషారుగా ఉన్న పిల్లాడికి జబ్బేమిటి?" అనుకుంటారు.

ఏ వేడుక నాడు ఏం చూడాలి?

బారసాల నాడు: ఉయ్యాలలో వేసిన బిడ్డ కాళ్ళూ చేతులూ ఆడిస్తున్నదా? ఏడుపు గట్టిగా ఉందా? కాళ్ళు కప్పకాళ్ళలా రెండు పక్కలకూ వాలిపోయి కదలకుండా ఉన్నా, పాలు తాగుతూ అలిసిపోతున్నా, ఊపిరి తీసినప్పుడు పొట్ట మాత్రం పైకి లేచి ఛాతీ లోపలికి పోతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మూడో నాలుగో నెలలో: ఎత్తుకున్నప్పుడు మెడ నిలుపుతున్నదా? చంకల కింద చేతులు వేసి ఎత్తితే బిడ్డ మీ చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటే అది మంచి సూచన కాదు.

అన్నప్రాశన నాడు: పుస్తకం, కలం, బంగారం, పువ్వులు ఎదురుగా పెట్టి బిడ్డ ఏది ముట్టుకుంటుందా అని అందరూ చూస్తారు. ఏది ముట్టుకుందన్న దానికంటే, చెయ్యి చాచి అందుకోగలిగిందా, తల తొణక్కుండా ఉందా అన్నది చూడండి. ఆరు నెలలు నిండినా బోర్లా పడే ప్రయత్నమే లేకపోతే డాక్టరును అడగండి.

తొమ్మిది నెలలు నిండేసరికి: సాయం లేకుండా కూర్చోవాలి.

మొదటి పుట్టినరోజు నాడు: నడక రాకపోయినా కంగారు పడనవసరం లేదు. పట్టుకుని నిలబడుతున్నదా, కాళ్ళ మీద బరువు మోపుతున్నదా అన్నది చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం, దాదాపు పిల్లలందరూ సాయం లేకుండా కూర్చోవడానికి గడువు తొమ్మిది నెలల పైచిలుకు. సొంతంగా నడవడానికి గడువు సుమారు పదిహేడున్నర నెలలు. ఏడాదిన్నర నిండినా అరిసెలు వండే అవసరం రాలేదంటే ఇక ఇంట్లో కూర్చుని ఎదురుచూడకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. వచ్చిన పని పోవడం. నిన్నమొన్నటి దాకా కాళ్ళు ఎగరేసిన బిడ్డ మానేసినా, కూర్చునే బిడ్డ పక్కకు ఒరిగిపోతున్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నేర్చుకోవడంలో ఆలస్యం చేయవచ్చు గాని, నేర్చుకున్నది పోగొట్టుకోదు.

ఎందుకింత తొందర?

చచ్చిపోయిన నరకణం తిరిగి పుట్టదు. మందు ఇంకా బతికి ఉన్న కణాలనే కాపాడగలదు. మొదటి రకం జబ్బులో ఎక్కువ నష్టం తొలి నెలల్లోనే జరిగిపోతుంది. తొందర ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. అన్నకో అక్కకో ఈ జబ్బు ఉండడం వల్లనో, పుట్టగానే చేసే పరీక్షల వల్లనో ముందే బయటపడిన 25 మంది పిల్లలకు, లక్షణాలేవీ కనిపించక ముందే, ఆరు వారాల వయసు లోపల నుసినర్సెన్ అనే మందు మొదలుపెట్టారు. వాళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఐదేళ్ళ వయసు ప్రాంతానికి 25 మందీ బతికి ఉన్నారు. 23 మంది సొంతంగా నడిచారు. ఇదే మందు లక్షణాలు ముదిరిన తర్వాత ఇస్తే ప్రాణం నిలబడవచ్చు, కొంత బలం రావచ్చు. నడక రావడం మాత్రం చాలా అరుదు. తేడా అంతా కాలంలోనే ఉంది.

అమెరికాలో 2018 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ చేయవలసిన పరీక్షల జాబితాలో ఈ జబ్బును కూడా చేర్చారు. మన దేశంలో ఈ పరీక్ష అందరికీ చేయడం లేదు గనక తల్లి కళ్ళూ, అమ్మమ్మ కళ్ళే ఇప్పటికి మనకున్న పరీక్ష.

పరీక్ష, చికిత్స

జబ్బును నిర్ధారించడానికి కండరం ముక్క కోసి తీయనవసరం లేదు. కొద్దిగా రక్తం తీసి జన్యు పరీక్ష చేస్తే చాలు. ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి 95 మందికి ఆ పరీక్షలోనే తెలిసిపోతుంది. స్టెప్నీ జన్యువులు ఎన్ని ఉన్నాయో కూడా చెబుతారు. మోకాలి మీద సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎగరకపోవడం, నాలుక మీద సన్నగా పురుగులు పాకినట్టు అదురు కనిపించడం వంటి గుర్తులను బట్టి పిల్లల డాక్టరు ఈ పరీక్ష రాస్తారు. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి, డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం కలిసి అరుదైన జబ్బులకు కేంద్రప్రభుత్వం గుర్తించిన కేంద్రంగా పనిచేస్తున్నాయి.

2016 వరకు ఈ జబ్బుకు మందు లేదు. ఇప్పుడు మూడు ఉన్నాయి. నుసినర్సెన్‌ను వెన్నులోకి సూదితో ఇస్తారు, మొదటి నాలుగు మోతాదుల తర్వాత నాలుగు నెలలకు ఒకసారి జీవితాంతం ఇవ్వాలి. రెండోది జోల్‌జెన్‌స్మా అనే జన్యు చికిత్స. ఒక్కసారే నరానికి ఎక్కిస్తారు. 16 కోట్ల రూపాయల ఇంజక్షను అని 2021 ప్రాంతంలో పత్రికల్లో చదివారే, అది ఇదే. మూడోది రిస్డిప్లామ్. రోజుకు ఒకసారి నోటితో తాగించే మందు. ఇది 2021లో మన దేశానికి వచ్చింది.

రిస్డిప్లామ్ సీసా ధర మొదట్లో 6 లక్షల రూపాయల పైమాటే. మధ్యతరగతి వారికి అది అందని పండు. మన హైదరాబాదు కంపెనీ నాట్కో దీన్ని తయారుచేయడానికి పూనుకుంటే పేటెంటు వివాదం కోర్టుకెక్కింది. 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు కూడా అడ్డు చెప్పకపోవడంతో ఆ మందు సీసా 15,900 రూపాయలకు బజారులోకి వచ్చింది. 20 కిలోల బరువు దాటినవారికి ఒక సీసా 12 రోజులు వస్తుంది. అంటే ఆ ధర ప్రకారం నెలకు 40 వేల దాకా. ఇది కూడా తక్కువ ఖర్చేమీ కాదు. కాని "కోట్లు ఎక్కడ తెస్తాం" అని పరీక్షే చేయించుకోకుండా ఊరుకునే రోజులు పోయాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయం అందించే వీలు 2022 నుంచి ఉంది.

మందుతోపాటు వ్యాయామం, శ్వాసకు సంబంధించిన జాగ్రత్తలు, వెన్ను వంకర పోకుండా చూసుకోవడం, తగిన ఆహారం కూడా చికిత్సలో భాగమే. నూనె రాయడం వల్ల బిడ్డకు హాయిగా ఉంటుంది గాని జబ్బు తగ్గదు. బలానికని టానిక్కులు పట్టించి నెలలు గడపవద్దు.

తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. గ్రహణం నాడు తల్లి కదిలినందుకో, కడుపుతో ఉండగా ఏదో తిన్నందుకో ఈ జబ్బు రాదు. ప్రతి మనిషిలోనూ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఉంటుంది. ఒకటి లోపించినా రెండోది పని జరిపిస్తుంది. అలాంటివారిని క్యారియర్లు అంటారు. వారికి జబ్బు ఉండదు, ఎప్పటికీ రాదు. సుమారు 50 మందిలో ఒకరు ఇలాంటివారే. భార్యా భర్తా ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనక తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. జబ్బు బిడ్డలో తండ్రి పాలు ఎంతో తల్లి పాలు అంతే. కోడలిని నిందించే అత్తగారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ళల్లో మేనరికాలు ఎక్కువ కాబట్టి మరో లెక్క కూడా చెప్పాలి. ఒక అమ్మాయి క్యారియరు అయితే, బయటి సంబంధం అబ్బాయి కూడా క్యారియరు అయ్యే అవకాశం 50లో ఒకటి. మేనత్త కొడుకో మేనమామ కొడుకో అయితే 8లో ఒకటి. సొంత మేనమామే అయితే 4లో ఒకటి. ఈ అంకెలు చూసిన తర్వాత ఏం చేయాలో మీరే ఆలోచించుకోండి. బయటి సంబంధాల్లోనూ ఈ జబ్బు పుడుతుందన్నది కూడా మరువకండి.

వేడుకకు నలుగురూ చేరినప్పుడు

ఇంట్లో పెళ్ళికో సీమంతానికో బంధువులందరూ చేరతారు. రాత్రి భోజనాలయ్యాక పెద్దవాళ్ళు పాత ముచ్చట్లు చెప్పుకుంటారు. "మా పిన్నికి ఇద్దరు మగపిల్లలు మెడ నిలపకుండానే పోయారు" అని ఎవరో అంటారు. మరొకరు "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ మాటలెందుకు" అని నోరు మూయిస్తారు. ఆ మాటే కావాలి! కుటుంబంలో ఏ బిడ్డ ఏ వయసులో, ఎలా పోయిందన్న వివరం డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. రాసిపెట్టుకోండి.

జబ్బు బిడ్డ ఉన్న సంగతి తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావని దాచేవారు చాలామంది. దాచడం వల్ల ఆ ఆడపిల్లకే నష్టం. ఆమె క్యారియరో కాదో ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. కాబోయే భర్తకు కూడా అదే పరీక్ష చేయిస్తే, అతడు క్యారియరు కాకపోతే భయం దాదాపు తీరిపోయినట్టే. ఇద్దరూ క్యారియర్లే అయినా గర్భంలో 11వ వారం తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉన్నదీ లేనిదీ చెప్పగలరు. తర్వాత ఏం చేయాలన్నది ఆ దంపతులు జన్యు వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం. ఏ నిర్ణయానికైనా ముందుగా తెలియడం మేలు.

జబ్బు బిడ్డ ఉన్న ఇంట్లో వేడుకలు మానివేయడం చూస్తుంటాం. దయచేసి అలా చేయవద్దు. వయసుకు చేయవలసిన పని కోసం ఎదురుచూడకుండా, బిడ్డ చేయగలిగిన పనికి వేడుక చేయండి. దిండు ఆనుకుని అరగంట కూర్చుంటే అది పండగే. చక్రాల కుర్చీ తొలిసారి సొంతంగా తిప్పుకుంటూ గడప దాటితే గారెలు వండవలసిందే! అక్షరాభ్యాసం మానవద్దు. చదువులో ఈ పిల్లలు ఎవరికీ తీసిపోరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ళ నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది.

వేడుక రోజున కొన్ని జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. జలుబు, దగ్గు ఉన్నవారిని బిడ్డకు దూరంగా ఉంచండి. ఈ పిల్లలు గట్టిగా దగ్గలేరు, చిన్న జలుబే నిమోనియా అవుతుంది. ఫ్లూ టీకాతో సహా టీకాలన్నీ డాక్టరు చెప్పిన ప్రకారం వేయించండి. పూజ అయ్యేదాకా బిడ్డను ఆకలితో ఉంచవద్దు, ఎక్కువసేపు పస్తు వీళ్ళకు ప్రమాదం. మింగడం కష్టమైన బిడ్డకు బొబ్బట్టు ముక్క నోట్లో పెట్టవద్దు. ఏది, ఎంత మెత్తగా పెట్టాలో డాక్టరు చెబుతారు. చేతులు పట్టుకుని పైకి లాగవద్దు.

సందేహాలు – సమాధానాలు

బిడ్డ బొద్దుగా ఉంది. బొద్దు పిల్లలు ఆలస్యంగా బోర్లా పడతారు కదా?

బరువు వల్ల కొంచెం ఆలస్యం కావచ్చు. కాని పడుకున్న చోట కాళ్ళు బలంగా తన్నుతున్నదా లేదా చూడండి. తన్నలేకపోవడానికి బొద్దుదనం కారణం కాదు.

మొదటి బిడ్డ ఆరు నెలలకే పోయింది. పరీక్షలేవీ చేయించలేదు. ఇప్పుడేం చేయగలం?

భార్యాభర్తలిద్దరూ క్యారియరు పరీక్ష చేయించుకోవచ్చు. మళ్ళీ గర్భం రాకముందే చేయించుకుంటే ఆలోచించుకోవడానికి తీరిక ఉంటుంది.

నాలుగేళ్ళ బాబు మెట్లు ఎక్కలేడు. తొడల మీద చేతులు ఆనించి లేస్తాడు. ఇదే జబ్బా?

కావచ్చు. మగపిల్లల్లో ఇలాగే కనిపించే డుషెన్ అనే వేరే కండరాల జబ్బు కూడా ఉంది. చూపులతో తేల్చలేం. రక్తపరీక్ష అవసరం.

ఏటా ఫిబ్రవరి ఆఖరి రోజును 2008 నుంచి అరుదైన వ్యాధుల దినంగా పాటిస్తున్నారు. అంతదాకా ఆగనవసరం లేదు. మీ ఇంట్లో ఏడాదిన్నర లోపు బిడ్డ ఉంటే ఈ రోజే ఒక నోటుబుక్కు తీసి, మెడ నిలిపిన తేదీ, బోర్లా పడిన తేదీ, కూర్చున్న తేదీ రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఏదైనా పైన చెప్పిన గడువు దాటి ఉంటే, ఆ పుస్తకం పట్టుకుని ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.